పాత కంప్యూటర్లలో పాత ఆటలు: దాతలకు ఒక పాఠం



కిందటి ఏడాది ఒక సాయంత్రం మన చదువు కేంద్రానికి ఒక పెద్దాయన వచ్చారు. తన దుకాణంలో పదేళ్లకు పైగా బిల్లులు వేసుకున్న కంప్యూటర్‌ను మనకు ఇచ్చిన దాత ఆయన. లోపలికి రాగానే ఆ కంప్యూటర్ ముందే ఇద్దరు పిల్లలు కూర్చుని వీడియో గేమ్ ఆడుతూ కనిపించారు. ఆయన అప్పుడేమీ అనలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, చదువు కోసమని ఇచ్చామండీ. ఆటలకైతే ఇళ్లలో సెల్‌ఫోన్లు చాలవా?" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. నాకు ఆ వేళ సరైన జవాబు తోచలేదు. "లేదండీ, అది కూడా పాఠమే" అని ఏదో గొణిగాను.

ఈ వ్యాసం ఆయనకు నేను బాకీపడిన జవాబు. ఇచ్చిన వస్తువు ఏమైందని అడిగే హక్కు ప్రతి దాతకూ ఉంది. మన చేతికి వచ్చినది అమానతు. లెక్క చెప్పవలసిన బాధ్యత మనది. అందుకని ఇది అందరికీ రాస్తున్నాను. కొంచెం సాంకేతికమైన విషయమే అయినా, పాఠం చెప్పినట్టే చెబుతాను. ఓపికగా చదవగోరుతున్నాను.

1. మనకు వచ్చిన యంత్రాలు

మన కేంద్రానికి వచ్చిన కంప్యూటర్లు మొత్తం తొమ్మిది. మూడు పెంటియం 4 రకం, నాలుగు కోర్ 2 డ్యుయో రకం, ఒకటి మొదటి తరం ఐ3 ల్యాప్‌టాప్, ఒకటి ఆటమ్ ప్రాసెసర్ ఉన్న చిన్న నెట్‌బుక్. పెంటియం 4 మార్కెట్లోకి వచ్చింది 2000లో, కోర్ 2 డ్యుయో 2006లో. అంటే వీటిలో కొన్నింటి వయసు మన విద్యార్థుల వయసు కన్నా ఎక్కువ.

వీటిలో చాలావరకు విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఉండేవి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ వారి భద్రతా సహాయం 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయింది. ఈ రోజుల్లోని వెబ్‌సైట్లు వీటిలో తెరుచుకోవు, తెరుచుకున్నా కదలవు. కమిటీ సమావేశంలో ఒకరు, "ఇవన్నీ పాత సామాన్ల వాడికి వేసేసి, ఆ డబ్బుకి కొంత కలిపి ఒక కొత్తది కొందాం" అన్నారు. సలహా తప్పు కాదు. కానీ ఒక కొత్త కంప్యూటర్ చుట్టూ ముప్పై మంది పిల్లలు నిలబడితే ముట్టుకునేది ఒక్కరే. నేను మూడు నెలల గడువు అడిగాను. ఆ మూడు నెలల్లో ఈ తొమ్మిదింటి మీద పిల్లలు కంప్యూటర్ గురించి ఏదైనా నిజంగా నేర్చుకోకపోతే పాత సామాన్లకే ఇచ్చేద్దామని మాట ఇచ్చాను.

బి.ఎడ్. చదివే రోజుల్లో మాకు నేర్పిన మొదటి సూత్రం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లమని. ఈ పిల్లలకు తెలిసినది ఆట. అక్కడి నుంచే మొదలుపెట్టాను.

2. ఎమ్యులేటర్ అంటే దుబాసీ

మీలో నా వయసు వారికి గుర్తుండే ఉంటుంది. తొంభైల్లో టీవీకి తగిలించి, పసుపు రంగు క్యాసెట్ పెట్టి ఆడే వీడియో గేములు వచ్చాయి. సమురాయ్ వంటి పేర్లతో అమ్మేవారు. "9999 ఇన్ 1" అని క్యాసెట్ మీద రాసి ఉండేది, లోపల చూస్తే అవే నాలుగైదు ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా గంటస్తంభం నుంచి ఇంటికి వెళ్తూ దుకాణం ముందు నిలబడి మేరియో ఆట చూసినవాణ్ణే.

ఆ యంత్రాలకు మూలం జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామికామ్. అందులో ఉండే ప్రాసెసర్ వేరు, మన కంప్యూటర్‌లో ఉండే ప్రాసెసర్ వేరు. ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. ఆట అంటే ఆ యంత్రపు భాషలో రాసిన ఆజ్ఞల వరస. దాన్ని మన కంప్యూటర్‌లో నేరుగా నడపలేము. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ పని చేసే ప్రోగ్రామ్ పేరే ఎమ్యులేటర్.

మంచి దుబాసీ మాటలు మార్చి చెబితే సరిపోదు. ఎదుటి మనిషి ఎక్కడ ఆగాడు, ఎక్కడ గొంతు పెంచాడు అన్నది కూడా చెప్పాలి. అలాగే ఎమ్యులేటర్ కూడా ఆ పాత యంత్రంలోని ప్రాసెసర్, బొమ్మలు గీసే చిప్, శబ్దం చేసే చిప్, అన్నీ ఒకదానితో ఒకటి ఏ క్షణంలో ఎలా మాట్లాడుకునేవో అదే వరసలో చేసి చూపించాలి. ఒక్క చిన్న ఆజ్ఞకు మన కంప్యూటర్ పది పనులో, అంతకు మించో చేయవలసి వస్తుంది. అందుకే పాత ఆటకు కూడా ఆ పాత యంత్రం కన్నా చాలా బలమైన కంప్యూటర్ అవసరమవుతుంది.

దుబాసీల్లో రెండు రకాలు. ఒకరు ప్రతి వాక్యాన్నీ విన్నప్పుడల్లా కొత్తగా తర్జుమా చేస్తారు. అదే వాక్యం వందసార్లు వచ్చినా వందసార్లూ ఆలోచిస్తారు. రెండోవారు ఒకసారి తర్జుమా చేసినదాన్ని కాగితం మీద రాసుకుని, మళ్లీ అదే వాక్యం వస్తే కాగితం చూసి చదివేస్తారు. ఈ రెండో పద్ధతిని డైనమిక్ రీకంపైలర్ అంటారు. ప్లేస్టేషన్ వంటి పెద్ద యంత్రాలను పాత కంప్యూటర్లలో నడపాలంటే ఈ రెండో రకం దుబాసీయే శరణ్యం.

3. వేగం ఎందుకు చాలదు? ఒక లెక్క

ఇక్కడి నుంచి గణితం. టీవీ మీద బొమ్మ కదులుతున్నట్టు కనిపించడానికి ఆ యంత్రం సెకనుకు సుమారు 60 బొమ్మలు గీస్తుంది. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. సెకనుకు 1000 మిల్లీసెకన్లు. 1000 ÷ 60 = 16.67. అంటే ఒక్కో ఫ్రేమ్ పని మొత్తం 16.67 మిల్లీసెకన్లలో ముగియాలి. ముగిస్తే ఆట సాఫీగా సాగుతుంది. ముగించలేకపోతే మేరియో నీళ్లలో నడుస్తున్నట్టు నడుస్తాడు, పాట సాగిపోతుంది.

మొదటి రోజే ఏడో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు: "సార్, ఇదేటండీ, పాట ఏడుస్తున్నట్టు వస్తోంది?" ఆ ప్రశ్న నాకు కావలసిన ప్రశ్న. ఆ రోజు బల్ల మీద 16.67 అని రాశాను. ఆ అంకెను చాలా రోజులు చెరపలేదు.

తరువాత లెక్క ఇది. ఆ పాత నింటెండో యంత్రంలో తెరను గీయడానికి ఒక్కో ఫ్రేమ్‌లో 262 గీతలు, గీతకు 341 చుక్కల కాలం ఉంటుంది. 341 × 262 = 89,342. ప్రాసెసర్ ఒక్క అడుగు వేసేలోపు బొమ్మల చిప్ మూడు చుక్కలు దాటుతుంది. కనుక మూడుతో భాగిస్తే ఫ్రేమ్‌కు సుమారు 29,780 అడుగులు. దాన్ని 60తో గుణిస్తే సెకనుకు దాదాపు 17 లక్షల 90 వేలు. ఆ ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్ అని పుస్తకాల్లో రాసేది దీన్నే. పిల్లలు ఈ అంకెను పుస్తకంలో చదవలేదు, తామే గుణించి తెచ్చుకున్నారు.

1994లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ వేగం సుమారు 33.87 మెగాహెర్ట్జ్. అంటే దాదాపు పంతొమ్మిది రెట్లు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్, దానికి తోడు లెక్కలు చేసే ప్రత్యేక భాగాలు వేరే ఉన్నాయి. ఏ యంత్రాన్ని మన పెంటియం మోయగలదో, ఏది మోయలేదో ఈ అంకెలు చూస్తేనే సగం తెలిసిపోతుంది.

మిగిలిన సగం రెండు మాటల్లో చెబుతాను. మొదటిది: గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే బలం కాదు. చిన్న గంపతో పరుగెత్తే కూలీ, పెద్ద గంపతో నడిచే కూలీ ఉన్నారనుకోండి. సాయంత్రానికి ఎక్కువ ఇసుక మోసేది రెండోవారే కావచ్చు. 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కంటే 2 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో మెరుగ్గా పనిచేసింది ఇందుకే. రెండోది: ప్రాసెసర్‌లో రెండు కోర్లు ఉన్నంత మాత్రాన పని రెండింతలు కాదు. ఒక ప్రసంగాన్ని ఇద్దరు దుబాసీలకు సగం సగం పంచలేము కదా. ముందు వాక్యం అర్థమైతేనే తరువాతి వాక్యం తెలుస్తుంది.

4. ఏ కంప్యూటర్‌కు ఏ పని

మేము చేసిన ఏర్పాటు ఇలా ఉంది. ఇళ్లలో పాత కంప్యూటర్ మూలన పడి ఉన్నవారికి కూడా ఇది పనికివస్తుంది.

ముందు ఆపరేటింగ్ సిస్టమ్. తక్కువ మెమరీ ఉన్న పెంటియం 4లకు, నెట్‌బుక్‌కు యాంటిఎక్స్ అనే తేలికపాటి లినక్స్ వేశాము. కోర్ 2 డ్యుయోలకు, ల్యాప్‌టాప్‌కు లుబుంటు వేశాము. రెండూ ఉచితం, చట్టబద్ధం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే ఈ దారి మన తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ పేరుతో చదువు ప్రోగ్రాములను ఒకచోట చేర్చింది.

పెంటియం 4, నెట్‌బుక్: పాత నింటెండో, గేమ్ బాయ్ ఆటల వరకు హాయిగా నడుస్తాయి. నింటెండోకు ఎఫ్‌సీఈయూఎక్స్, గేమ్ బాయ్‌కు ఎంజీబీఏ ఎమ్యులేటర్లు వాడాము. సూపర్ నింటెండోకు స్నెస్9ఎక్స్ అనేది తేలిక. అదే పనికి బీస్నెస్ అనే మరో ఎమ్యులేటర్ ఉంది. అది అసలు యంత్రాన్ని చాలా నిక్కచ్చిగా అనుకరిస్తుంది, కాని అందుకు తగ్గ బలం అడుగుతుంది. పాత కంప్యూటర్‌లో దాని జోలికి పోకూడదు.

కోర్ 2 డ్యుయో, ఐ3: పైవన్నీ కాక మొదటి ప్లేస్టేషన్ కూడా నడుస్తుంది. రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్ లోపల పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే తేలికైన భాగాన్ని వాడితే సరిపోతుంది.

ప్లేస్టేషన్ 2: మన తొమ్మిదింటిలో దేనికీ శక్యం కాదు. ఎవరైనా పిల్లలకు "ఈ సెట్టింగ్ మారిస్తే నడుస్తుంది" అని చెబితే నమ్మవద్దు. పది కేజీల బస్తా మోసే పిల్లవాడి మీద క్వింటా పెట్టినట్టే అది.

5. ఉన్న వేగాన్ని కాపాడుకునే పనులు

ఒకటి, దుమ్ము. ఇది అన్నిటికన్నా ముందు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు దుమ్ము పట్టి, కింద థర్మల్ పేస్ట్ ఎండిపోతే యంత్రం వేడెక్కుతుంది. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మన కంప్యూటర్లలో రెండింటికి వేరే జబ్బేమీ లేదు, ఇదే జబ్బు. పిల్లలే బ్రష్షుతో దులిపారు. వైరు తీసి, చల్లారాకే మూత విప్పాలన్న నియమం బల్ల మీద రాసి పెట్టాము.

రెండు, బటన్ బ్యాటరీ. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే నాణెం వంటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్‌కు తేదీ గుర్తుండదు. తేదీ తప్పైతే వెబ్‌సైట్లు "భద్రత లేదు" అంటూ తెరుచుకోవు. చాలామంది అది చూసి కంప్యూటర్ చెడిపోయిందని పక్కన పెట్టేస్తారు.

మూడు, బొమ్మ నునుపు చేసే ఫిల్టర్లు తీసేయాలి. నింటెండో బొమ్మలో చుక్కలు 256 × 240 = 61,440. దాన్ని 1024 × 768 తెర నిండా సాగదీస్తే చుక్కలు 7,86,432. అంటే దాదాపు 13 రెట్లు. ఇన్ని చుక్కలకూ నునుపు లెక్క వేయమంటే పాత యంత్రం చతికిలబడుతుంది. ఫిల్టర్ లేకుండా, రెండింతల కిటికీలో ఆడితే చాలు.

నాలుగు, శబ్దం. సెకనుకు 44,100 నమూనాలకు బదులు 22,050 పెడితే శబ్దపు పని సగమవుతుంది. చిన్న స్పీకర్లలో తేడా పెద్దగా తెలియదు.

ఐదు, రివైండ్, రన్ అహెడ్ వంటి సదుపాయాలు ఆపేయాలి. ఆట వెనక్కి తిప్పడానికి యంత్రం ప్రతి క్షణాన్నీ దాచిపెట్టుకోవాలి, అది బరువు.

ఆరు, ఫ్రేమ్ స్కిప్. ఇది ఆఖరి ఉపాయం. ఇందులోనే మంచి లెక్క ఉంది. ఒక కంప్యూటర్‌కు ఆట నడిపే పని 10 మిల్లీసెకన్లు, బొమ్మ గీసే పని 15 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. మొత్తం 25. సెకనుకు 40 ఫ్రేములే వస్తాయి. ఒకటి విడిచి ఒకటి గీస్తే రెండు ఫ్రేములకు 10 + 10 + 15 = 35. మనకున్న గడువు 33.3. ఇంకా కొంచెం వెనకే. మూడింటిలో ఒకటే గీస్తే 10 + 10 + 10 + 15 = 45. గడువు 50. గట్టెక్కాము. బొమ్మ కొంచెం కుదుపుగా ఉన్నా ఆట వేగం, పాట వేగం సరిగ్గా ఉంటాయి. మనకున్న తక్కువలో ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు అన్న నిర్ణయం ఇది. ఇంటి ఖర్చు లెక్క చూసుకునే తల్లులకు ఈ పాఠం నేను చెప్పనక్కరలేదు.

6. నేను చేసిన తప్పు

ఇది దాచితే ఈ వ్యాసానికి విలువ ఉండదు. మొదట్లో ఆటల ఫైళ్లు ఎక్కడివని నేను అడగలేదు. ఒక పిల్లవాడు పెన్‌డ్రైవ్‌లో వందల ఆటలు తెచ్చాడు. సంతోషించి, అప్పటికి ఇంకా విండోస్ తీయని రెండు కంప్యూటర్లలో పెట్టనిచ్చాను. దాంతో వైరస్ వచ్చింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు రెండు నెలలు కష్టపడి టైపు చేసుకున్న తెలుగు వ్యాసాలు పోయాయి. నకలు తీసి పెట్టుకోమని వాళ్లకు నేను చెప్పి ఉండలేదు. వాళ్లలో ఒకమ్మాయి, "పోన్లెండి సార్, మళ్లీ కొడతాం" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తప్పు తెచ్చిన పిల్లవాడిది కాదు, అడగని నాది.

అప్పుడే చట్టం సంగతి కూడా చదివాను. ఎమ్యులేటర్ తయారు చేయడం, వాడడం దానికదే తప్పు కాదు. అమెరికాలో సోనీ కంపెనీ, కనెక్టిక్స్ అనే కంపెనీ మీద వేసిన దావాలో 2000లో అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే మొగ్గింది. చిక్కు అంతా ఆట ఫైలుతోనే. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా పుస్తకం లాగే సాహిత్య రచనల కిందికే వస్తుంది. న్యాయంగా మన దగ్గర ఉన్న ప్రోగ్రామ్‌కు, అది పాడైతే పనికొస్తుందని నకలు తీసుకోవడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఎవరిదో ఆట ఊరకనే దింపుకోవడానికి ఒప్పుకోదు. పాతదైపోయింది కదా, ఎవరూ అమ్మడం లేదు కదా అన్నది జవాబు కాదు.

దానం మీద నడిచే కేంద్రంలో దొంగసొత్తు మీద పాఠం చెప్పడం ఎలా కుదురుతుంది? ఆ పెన్‌డ్రైవ్ ఆటలన్నీ తీసేశాము. పిల్లలు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

7. తీసేశాక దొరికినది

తీసేశాక తెలిసింది, ఆ పాత యంత్రాల కోసం ఈ నాటికీ కొందరు కొత్త ఆటలు రాసి, ఉచితంగా, కోడ్‌తో సహా పంచిపెడుతున్నారని. నింటెండోకు థ్వెయిట్ అనే ఆట, జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టే కాన్‌సెంట్రేషన్ రూమ్, గేమ్ బాయ్‌కు టోబు టోబు గర్ల్, గేమ్ బాయ్ కలర్‌కు ఊరు కట్టే యూసిటీ, ఇవన్నీ అలాంటివి. రచయితలే ఇచ్చినవి. ఇవి మన పెంటియంలో సాఫీగా నడుస్తాయి.

అంతకన్నా మంచిది జీబీ స్టూడియో. గేమ్ బాయ్ ఆటను కోడ్ రాయకుండా బొమ్మలతో తయారు చేసుకునే ఉచిత ప్రోగ్రామ్ అది. అది కొంచెం బరువైనది కనుక మన ఐ3 ల్యాప్‌టాప్‌లో ఒక్కదానిలోనే నడుస్తుంది. అయితే అక్కడ తయారైన ఆట మాత్రం తొమ్మిది కంప్యూటర్లలోనూ నడుస్తుంది. పిల్లలు గంటస్తంభం నుంచి కోట దాకా నడిచే చిన్న ఆట చేశారు. దారిలో ఎదురైన ప్రతి మనిషీ ఒక ఎక్కం అడుగుతాడు. తప్పు చెబితే మళ్లీ గంటస్తంభం దగ్గరికి.

అందులో ఒక గట్టి సమస్య వచ్చింది. గేమ్ బాయ్ తెర 160 × 144 చుక్కలు. అక్షరానికి 8 × 8 చుక్కల గడి. ఇంగ్లీషు అక్షరం అందులో ఇమిడిపోతుంది. మన తెలుగు అక్షరం గుడి, దీర్ఘం, ఒత్తులతో ఎలా ఇముడుతుంది? "శ్రీ" అని రాయబోతే మసి మరకలా వచ్చింది. అప్పుడు అదే తొమ్మిదో తరగతి అమ్మాయిలు గళ్ల కాగితం తెచ్చి, నాలుగు గడులు కలిపి 16 × 16లో అక్షరాలు గీశారు. అలా గీస్తే తెర మీద వరసకు పది అక్షరాలు, తొమ్మిది వరసలు మాత్రమే పడతాయి. కనుక ప్రశ్నలు చిన్నవిగా, తేలిక మాటలతో రాయాలి. పది అక్షరాల్లో అర్థమయ్యే తెలుగు వాక్యం రాయడం ఎంత కష్టమో రాసి చూసినవారికే తెలుస్తుంది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పిల్లలు ఒక్కో మాటనూ తూచి వాడడం ఇంత దగ్గరగా నేను చూడలేదు.

అన్నీ మంచే జరిగాయని చెప్పను. కొందరు పిల్లలు ఆడడానికే వస్తారు, లెక్క రాగానే నీళ్లు తాగడానికి లేస్తారు. ఒక పెంటియం 4 కరెంటు సరఫరా పెట్టె కాలిపోయి మళ్లీ లేవలేదు. ఆ తరం ప్రాసెసర్లు విద్యుత్తు కూడా ఎక్కువే తింటాయి. అందుకని అరగంట ఆట, గంట పని అనే నియమం పెట్టాము. ఆడేవారి పక్కన ఒకరు కూర్చుని ఫ్రేముల అంకె, సెట్టింగ్, మార్పు కాగితం మీద రాయాలి. తరువాత స్థానాలు మారాలి. మూడు నెలల గడువు ముగిశాక కమిటీ వారు ఆ కాగితాలు చూసి, ఇంకో ఏడాది నడపమన్నారు.

8. దాతలకు విన్నపం

పాత కంప్యూటర్ ఇచ్చేముందు ఈ నాలుగు విషయాలు గమనించగలరు.

మొదటిది, ఆన్ చేసి చూసి ఇవ్వండి. కరెంటు వైరు, కీబోర్డు, మౌస్ కలిపి ఇస్తే మాకు ఎంతో మేలు. ఛార్జర్ లేని ల్యాప్‌టాప్ మాకు బరువే.

రెండోది, మీ ఫొటోలు, ఖాతా పుస్తకాలు, ఆధార్ నకళ్లు అందులోంచి తీసుకుని, డిస్కును పూర్తిగా తుడిపించి ఇవ్వండి. ఒక దాత కుటుంబ ఫొటోలు పిల్లల కంటపడిన రోజున నేనే సిగ్గుపడ్డాను.

మూడోది, 2010 తరువాతి యంత్రమైతే ఎక్కువ ఏళ్లు ఉపయోగపడుతుంది. విండోస్ 10కు సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఆ కారణంగా దుకాణాల్లో, ఆఫీసుల్లో మంచి కంప్యూటర్లు పక్కకు పోతున్నాయి. అవి మా లెక్కన కొత్తవే. పారేసేముందు మాకొక కబురు పెట్టండి.

నాలుగోది, పూర్తిగా చనిపోయిన యంత్రాన్ని, ముఖ్యంగా పాత గాజు గొట్టం మానిటర్‌ను, దయచేసి మాకు ఇవ్వకండి, చెత్తకుండీలోనూ వేయకండి. ఆ గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి ఉన్న సంస్థలకే అవి చేరాలి.

యంత్రం లేనివారు ఒక బటన్ బ్యాటరీ, ఒక ట్యూబు థర్మల్ పేస్ట్, ఒక మెమరీ కార్డు ఇచ్చినా అది చిన్న దానం కాదు. ఆదివారం పూట ఒక గంట వచ్చి పిల్లల పక్కన కూర్చుంటే అది ఇంకా పెద్దది.

చివరిగా ఆ పెద్దాయనకు. అయ్యా, ఆ సాయంత్రం మీరు చూసినది నిజమే, ఇద్దరు పిల్లలు ఆట ముందే కూర్చున్నారు. ఆడుతున్నది ఒక్కడే. రెండోవాడి చేతిలో కాగితం ఉంది. ఫిల్టర్ తీయకముందు ఎన్ని ఫ్రేములు, తీశాక ఎన్ని అని రాసుకుంటున్నాడు. మీరు అడిగినప్పుడు నేను ఆ కాగితం తెచ్చి మీ చేతిలో పెట్టి ఉండాల్సింది. అది ఇప్పటికీ మన కేంద్రం బీరువాలో ఉంది. మీ కంప్యూటర్ కూడా ఇంకా నడుస్తోంది. ఈసారి మీరు వచ్చినప్పుడు, పిల్లల చేతే మీకు ఆ లెక్క చెప్పిస్తాను.